సొంత ప్రయోగశాలకై పదునేడేండ్లు: యల్లాప్రగడ సుబ్బారావు జీవితము

కనిగిరి, వెలిగండ్ల ప్రాంతముల రైతులకు పొగాకు నారు సంగతి మనము చెప్పనక్కరలేదు. నారుమడిలో మొలకను పెంచుట ఒక యెత్తు. ఆ మొక్కను పెరికి చేనిలో నాటిన పిమ్మట అది వేరు పట్టుకొనువరకు గల కొలది దినములు మరియొక యెత్తు. ఆ దినములలో బిందెతో నీరు పోయువాడు లేకున్నచో నారుమడికై చేసిన వ్యయమంతయు ఎండపాలగును. శాస్త్రజ్ఞుని జీవితములో గూడ అట్టి కాలమొకటి కలదు. ఇరువది యేండ్లు చదివి డాక్టరు పట్టము పొందిన యువకుడు ఒక పెద్ద ఆచార్యుని ప్రయోగశాలలో చేరి, ఆయన వేసిన ప్రశ్నలకు సమాధానములు వెదకుచు కొన్ని యేండ్లు గడపును. తన ప్రశ్నను తానే వేసికొని, తన పేర గదియు పరికరములును శిష్యులును గలిగి పనిచేయు దినము వచ్చువరకు అతడు విద్యార్థియు గాడు, ఆచార్యుడును గాడు. వేతనము స్వల్పము. పదవి యేటికేడు మారునది. అతడు చేసిన పనికి గౌరవము వేరొకరికి బోవుటయు తరచు జరుగును. ఈ సంధికాలమున పోషించువారు లేక ఎందరు ప్రతిభావంతులు శాస్త్రమునే విడిచిపోయిరో లెక్క వ్రాసినవారు లేరు.

ఈ మాటలు వ్రాయునపుడు మన కన్నుల యెదుట నిలుచు మూర్తి భీమవరమున బుట్టిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారిది. ఆయన కనిపెట్టిన, కనిపెట్టించిన మందుల పేర్లు నేడు మన పట్టణములలోని మందుల దుకాణదారులందరికిని తెలియును. ఆయన కీర్తిని గానము చేయు వ్యాసములకు కొదువ లేదు. అమెరికాలో అడుగిడిన నాటినుండి సొంత ప్రయోగశాల లభించిన నాటివరకు ఆయన గడపిన పదునేడేండ్లను గూర్చి మాత్రము తగినంత ఆలోచన జరిగినట్లు మాకు తోచదు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన జన్మించెను. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో ఈయన నాలుగవవాడు. తండ్రి ఆరోగ్యము చెడి ఉద్యోగము మానుకొన్నందున సంసారము ఇబ్బందుల పాలయ్యెను. బాలుడు మొదట చదువున బుద్ధి నిలుపలేదు. పదుమూడేండ్ల ప్రాయమున, కాశీకి బోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకొని ధనము గడింతునని ఇల్లు విడిచి పారిపోయెను. పెద్దలు వెదకి పట్టి తెచ్చిరి. రాజమహేంద్రవరమున కొంతకాలము, మదరాసు హిందూ హైస్కూలున కొంతకాలము చదివి, మెట్రిక్యులేషను పరీక్షను మూడవమారు వ్రాసి గట్టెక్కెను. మొదటి పరీక్షలో తప్పిన కుమారుని ఇక పనికిరాడని కొట్టివేయు తండ్రులు ఈ సంగతిని గమనింతురు గాక.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియటు చదువునాటికి ఆయన మనస్సు రామకృష్ణ మఠము వైపు మరలెను. సన్యసింపగోరి తల్లి యనుజ్ఞ వేడెను. తల్లి అంగీకరింపలేదు. వైద్యము నేర్చి సేవ చేయుట సన్యాసమునకు తక్కువైనది కాదను భావముతో మదరాసు మెడికల్ కాలేజీలో చేరెను. ఆ చదువునకు ధనమెక్కడిది? స్నేహితులు కొంత సాయపడిరి. కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కొంత యిచ్చిరి. 1919 మే నెలలో ఆయన కుమార్తె శేషగిరిని సుబ్బారావుగారు పెండ్లియాడిరి. మామగారి ధనముతో అల్లుడు చదువుట మన దేశమున క్రొత్త కాదు. మనకు విద్యానిధులు లేనంతకాలము కన్యాదాతలే విద్యానిధులుగా నుండవలసి వచ్చినది. ఈ ఏర్పాటులోని మంచిచెడ్డలను విచారించుటకు ఇది తావు కాదుగాని, దాని భారము ఏ యింటి ఆడపడుచు మీద బడినదో ముందు చెప్పవలసి వచ్చును.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న దినములు. సుబ్బారావుగారు ఖద్దరు అంగీ తొడిగి శస్త్రచికిత్సాశాలలోనికి వెళ్లిరి. శస్త్రవైద్యాచార్యుడగు బ్రాడ్ఫీల్డు దొరగారికి అది కంటగింపయ్యెను. తక్కిన విషయములలో చక్కగా ఉత్తీర్ణుడైన విద్యార్థికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టము మాత్రము దక్కెను. ప్రభుత్వ వైద్యశాఖలో ప్రవేశింప జేసిన యత్నము ఫలింపలేదు. గజము ఖద్దరు ఒక జీవిత మార్గమును మరల్చివేసినది. ఆ ఖద్దరే లేకున్న ఈయన ఏ జిల్లా ఆసుపత్రిలోనో సివిల్ సర్జనై పింఛను పుచ్చుకొని యుండెడివాడేమో!

ఇంతకుముందే ఆ యింట పిడుగు పడియుండెను. అన్నయగు పురుషోత్తముగారును, తమ్ముడగు కృష్ణమూర్తియు కొలది దినముల యెడముతో ఒకే వ్యాధికి బలియైరి. దానిని ఆంగ్లవైద్యులు స్ప్రూ అందురు. మనవారు సంగ్రహణి యందురు. తిన్న అన్నము ఒంటబట్టక, విరేచనములతో రక్తము క్షీణించి, మనిషి నీరసించి పోవును. నాడు దానికి మందు లేదు. సుబ్బారావుగారును ఆ రోగమున బడి, ఆయుర్వేదము నభ్యసించిన డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సవలన కోలుకొనిరి. పిమ్మట ఆయన నడపు ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రోపాధ్యాయులుగా జేరిరి. ఇద్దరు తోబుట్టువులను మ్రింగి తన్నును తాకి విడిచిన ఆ వ్యాధి ఏమి? శరీరమున ఏది లోపించుటచే అది కలుగుచున్నది? ఈ ప్రశ్న ఆయన సొంత ప్రశ్న. ఏ ఆచార్యుడును ఆయనకిచ్చినది కాదు. పాఠకులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము.

ఉష్ణమండల వ్యాధుల శాస్త్రమును నేర్పు పాఠశాల హార్వర్డు విశ్వవిద్యాలయమున గలదనియు, డాక్టరు రిచర్డు స్ట్రాంగు దాని యధిపతియనియు విని సుబ్బారావుగారు దరఖాస్తు పంపిరి. చోటు దొరికినది, ఉపకారవేతనము దొరకలేదు. ఓడ కిరాయికిని భుక్తికిని దారి వెదకుకొనవలసి వచ్చెను. అప్పుడు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ సాయము చేయుటకు వాగ్దానము చేసెను. ఆ నాయకరుగారు రంగూనులో ధనమార్జించి, ఆ సొమ్మును ధర్మమునకు వ్రాసి యిచ్చిన మహనీయుడు. మామగారు మరికొంత ప్రోగుచేసిరి. ఈ సొమ్ముతో సుబ్బారావుగారు 1923 అక్టోబరు 26వ తేదీన బోస్టనులో దిగిరి. ఇంటివద్ద భార్య గర్భవతి. పుట్టిన కుమారుడు పసితనముననే గతించెను. తండ్రి ఆ బిడ్డ మొగము చూడలేదు.

ఆయన దిగిన యేడే, ఫిబ్రవరి నెలలో, భగత్ సింగ్ థిండ్ అను పంజాబీ వీరుని వ్యాజ్యమున అమెరికా సుప్రీముకోర్టు హిందూదేశస్థులకు ఆ దేశ పౌరసత్వము పొందు అర్హత లేదని తీర్పు చెప్పియుండెను. అనగా సుబ్బారావుగారు ఆ దేశమున ఎంతకాలమున్నను, ఎంత పని చేసినను, పరదేశిగానే యుండవలెనని ముందుగనే నిర్ణయమైపోయినది. ఉదరపోషణార్థమై ఆసుపత్రిలో రాత్రి పనివాడుగా కుదిరి, రోగుల మలమూత్ర పాత్రలు కడుగుచు, పగలు పాఠములు వినెను. 1924లో ఉష్ణమండల వైద్యశాస్త్రమున డిప్లొమా పొందెను. తరువాత జీవరసాయనశాస్త్రమున పేరెన్నికగన్న ఆటో ఫోలిను ఆచార్యుని విభాగమున ప్రవేశించి, సైరసు ఫిస్కి అను ఆచార్యునితో గూడి పనిచేయనారంభించెను.

ఆ యిద్దరును చేసిన మొదటి పని రక్తమునందును, మూత్రమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతి. మాలిబ్డేటు అను లవణముతో భాస్వరమును కలిపి, మరియొక రసాయనముచే మార్చినచో నీలిరంగు పుట్టును. ఆ నీలిమ గాఢతనుబట్టి భాస్వరమెంత యున్నదో తెలిసికొనవచ్చును. 1925లో ప్రకటితమైన ఈ ఫిస్కి-సుబ్బారావు పద్ధతిని ప్రపంచమున జీవరసాయన విద్యార్థులు తరతరములుగా నేర్చికొనుచు వచ్చిరి. చూచుటకు చిన్న కొలమానమేకాని, దీని సాయముతోనే వారు కండరములలో దాగిన ఒక పదార్థమును పట్టుకొనిరి. కండరము పనిచేయుటకు శక్తి లాక్టికామ్లమునుండి లభించుచున్నదని అప్పటి సిద్ధాంతము. ఆ మార్గమున కృషి చేసిన హిల్లు, మేయర్హాఫు అను వారలకు 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము లభించియుండెను. 1927లో ఫిస్కి, సుబ్బారావుగార్లు ఫాస్ఫోక్రియాటిను అను భాస్వర సమ్మేళనమును బయలుపెట్టి, కండరము అలసినపుడు అది తరుగుననియు, విశ్రాంతిలో మరల పెరుగుననియు చూపిరి. ఇంగ్లండులో ఎగిల్టను దంపతులును అదే కాలమున ఆ పదార్థపు జాడ కనుగొనిరి. 1929లో ఏ.టి.పి. అను మూడక్షరములతో నేడు పాఠశాల బాలురకును తెలిసిన శక్తిపదార్థమును, జర్మనీలో లోమాను అను శాస్త్రజ్ఞుడు వేరుగాను, వీరు వేరుగాను కనిపెట్టిరి. జీవకణమున జరుగు ప్రతి పనికిని వెల చెల్లించు నాణెమది.

ఇంతటి పనిలో భాగస్వామియైనవానికి 1930లో డాక్టరు పట్టము లభించినది. అప్పటికి వయస్సు ముప్పదియైదు. ఇక ఆచార్యపదవి లభించి, సొంత శాల ఏర్పడవలసినదే యని ఎవరైనను తలతురు. అట్లు జరుగలేదు. తరువాతి పదియేండ్లును ఆయన హార్వర్డులో చిన్న పదవులలోనే యుండవలసి వచ్చెను. స్థిరమైన ఆచార్యపీఠము నిరాకరింపబడెను. పరదేశియగుట ఒక కారణము కావచ్చును. తన్ను గూర్చి తాను చెప్పుకొనలేని స్వభావము మరియొక కారణము. సభలయందు గాని పత్రికలయందు గాని ఆయన ముందునకు వచ్చి నిలిచినవాడు కాడు. మూడవ కారణమును గూర్చి ఫిస్కి వద్దనే శిష్యరికము చేసిన జార్జి హిచ్చింగ్సు తరువాతి కాలమున సాక్ష్యమిచ్చెను. సుబ్బారావు వేరుపరచిన కొన్ని పదార్థముల సంగతిని ఫిస్కి అసూయచే వెలుగునకు రానీయలేదనియు, వానిని ఏండ్ల తరువాత ఇతరులు మరల కనిపెట్టవలసి వచ్చెననియు ఆయన తెలిపెను. ఒకే మనుష్యుని అనుగ్రహముపై మరియొకని భవిష్యత్తు ఆధారపడి యున్నచోట, ఆ మనుష్యుడు ఎంత పండితుడైనను, ఇట్టివి జరుగుటలో ఆశ్చర్యము లేదు. మన జమీందారీ కచ్చేరీలలో గుమాస్తాల పాట్లు ఎరిగినవారికి దీనిని విశదీకరింప నక్కరలేదు.

ఈ హిచ్చింగ్సు కథయు గమనింపదగినది. అమెరికాలోనే పుట్టిన ఈయన 1933లో డాక్టరు పట్టము పొంది, తొమ్మిదేండ్లపాటు ఒక తాత్కాలిక పదవినుండి మరియొకదానికి తిరిగి తిరిగి, 1942లో బరోసు వెల్కం అను మందుల కంపెనీలో చేరిన పిమ్మటనే సొంత మార్గమున పరిశోధన సాగింపగలిగెను. ఆ పనికే 1988లో నోబెలు బహుమానము వచ్చినది. ఒకే ఆచార్యుని శాలనుండి వెడలిన ఇద్దరు ప్రతిభావంతులకును విశ్వవిద్యాలయములు చోటు చూపలేదు, కంపెనీలు చూపినవి. కంపెనీలను తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. విద్యాలయములు చేయదగిన పనిని వ్యాపారులు చేయవలసి వచ్చుటను మాత్రము గుర్తింపవలెను.

ఈ లోపమును పాశ్చాత్యులు గుర్తించుటకు చాల కాలము పట్టినది. అమెరికాలో వైద్యపరిశోధకునికి తన పేర మొదటి పెద్ద గ్రాంటు లభించుసరికి సగటున నలువదిరెండేండ్లు నిండుచున్నవని 2005 ప్రాంతమున అక్కడి పండితసభలు ఆందోళన పడినవి. 2006లో ఆ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థ స్వాతంత్ర్యమార్గమను పేర ఒక సహాయమును నెలకొల్పినది. దాని పద్ధతి సులభముగా నర్థమగును. మొదటి ఒకటి రెండేండ్లు యువకుడు ఆచార్యుని నీడలోనే పనిచేయును. పిమ్మట ఏ విశ్వవిద్యాలయమైనను అతనికి ఆచార్యపదవి నిచ్చినచో మూడేండ్లవరకు ధనము అతని వెంటనే అచ్చటికి పోవును. సొమ్ము గురువుది కాదు, శిష్యునిది. కావున గురువు కోపించినను అది ఆగదు. పరదేశస్థులును దీనికి అర్హులే. సుబ్బారావుగారికి అడ్డువచ్చిన రెండు గోడలను కూల్చు ఏర్పాటు ఆయన గతించిన ఏబదియెనిమిదేండ్లకు గాని రాలేదు.

మన దేశమున గూడ అట్టి యత్నములు కొన్ని ఆరంభమైనవి. విదేశములలో పరిశోధన చేయుచున్న భారతీయులు తిరిగివచ్చి ఇచ్చటి సంస్థలలో సొంతముగా పనిచేయుటకై కేంద్రప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ 2006-07లో అయిదేండ్ల సహాయవేతనమును నెలకొల్పినది. దానికి శ్రీకాకుళమున జన్మించిన వైద్యశాస్త్రజ్ఞుడు వులిమిరి రామలింగస్వామిగారి పేరు పెట్టుట తెలుగువారందరును హర్షింపదగిన విషయము. 2008-09లో అదే శాఖ ఇంగ్లండులోని వెల్కం ట్రస్టుతో గూడి ఇండియా అలయన్సు అను సంస్థను స్థాపించినది. దాని కార్యాలయము మన హైదరాబాదుననే యున్నది. డాక్టరు పట్టము పొందిన యువకులకును, సొంతశాలను ఆరంభించువారికిని, అనుభవజ్ఞులకును వేరువేరుగా సహాయమిచ్చుట దాని పని. 2025 అక్టోబరులో కేంద్రమంత్రివర్గము దాని మూడవ దశకు ఆమోదమిచ్చినది. మొత్తము 1500 కోట్ల రూపాయలలో వేయి కోట్లు మన ప్రభుత్వము, అయిదువందల కోట్లు ట్రస్టువారు భరింతురు. ఈ వెల్కం ట్రస్టు, హిచ్చింగ్సునకు చోటిచ్చిన మందుల కంపెనీ యజమానియగు హెన్రీ వెల్కం 1936లో మరణించుచు వ్రాసిన వీలునామావలన ఏర్పడినది. రంగూనులో గడించిన నాయకరుగారి ధనము ఒక తెలుగువానిని బోస్టనుకు పంపినది. లండనులో గడించిన వెల్కం ధనము నేడు హైదరాబాదు, బెంగుళూరులలో మన పిల్లలను నిలువబెట్టుచున్నది. ధర్మమునకు దేశభేదము లేదనుటకు వేరు నిదర్శనమేల?

ఐనను చెప్పవలసిన మాట ఒకటి కలదు. అయిదేండ్ల వేతనము అయిదేండ్లకే. అది తీరిన దినమున సంస్థవారు స్థిరపదవి నీయనిచో ఆ యువకుడు నలువదియేండ్ల వయస్సున మరల వీధిలో నిలుచును. నీరు పోసి మొక్కను బ్రతికించి, పూతకు వచ్చిన వేళ పెరికివేయుట యెట్టి వ్యవసాయము? ధనమిచ్చువారు ధనముతోబాటు పదవిని గూర్చియు ముందుగనే షరతు వ్రాయింపవలెనని మా యభిప్రాయము.

ఇంత దూరపు విషయము వెలిగండ్ల రైతునకు ఏల యని యడుగువారుందురు. ఆ ప్రాంతపు నీటిని త్రాగినవారే దీనికి సమాధానమీయగలరు. గిండీలోని కింగ్ ఇన్స్టిట్యూటునకు చెందిన షార్టు, పండిట్, రాఘవాచారి అను మువ్వురు శాస్త్రజ్ఞులు 1937లో నెల్లూరు జిల్లా పల్లెలలో ఒక వింతవ్యాధిని వర్ణించి, నీటిలోని ఫ్లోరైడు ఎముకలను బిగియజేసి నడుములు వంచుచున్నదని లోకమునకు తెలిపిరి. కనిగిరి ప్రాంతము 1970లో ప్రకాశము జిల్లా యేర్పడువరకు ఆ నెల్లూరు జిల్లాలోనిదే. ఎముకలకు ఫ్లోరైడు చేయు చేటును గూర్చిన తొలి శాస్త్రీయ వర్ణనములలో నొకటి మన యూళ్ల బాధనుండియే పుట్టినది. నాడు పుట్టిన ప్రశ్న నేటికిని పూర్తిగా తీరలేదు. బోస్టనులోని ఆచార్యుడు తన శిష్యునికి ఈ ప్రశ్న నిచ్చునా? ఇయ్యడు, అది అతని యూరి బాధ కాదు. ఈ నీరు త్రాగి పెరిగినవాడు శాస్త్రము నేర్చి, తన ప్రశ్నను తానే యెన్నుకొను అధికారము పొందిననాడే దాని సంగతి తేలును. స్వతంత్ర పరిశోధకుడను మాటకు మేము చెప్పు అర్థమిదియే. సుబ్బారావుగారి జీవితపు ఉత్తరార్ధము ఈ యర్థమునకే వ్యాఖ్యానముగా నున్నది.

1940లో ఆయన హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్ అను చోట నున్న లెడర్లీ ప్రయోగశాలలో ప్రవేశించెను. రెండేండ్లలో పరిశోధనశాఖకు అధిపతియయ్యెను. వయస్సు నలువదియేడు. ఇప్పుడు ఆయన చేతిక్రింద రసాయనజ్ఞులు కలరు, ధనము కలదు. అన్నిటికంటె ముఖ్యముగా ప్రశ్నను ఎన్నుకొను అధికారము కలదు. ఆయన ఎన్నుకొన్న ప్రశ్న ఏది? మదరాసునుండి మోసికొనిపోయిన ఆ పాత ప్రశ్నయే.

పాండురోగమునకు కార్జము తినిపించిన మేలుకలుగునని మైనాటు, మర్ఫీ అను బోస్టను వైద్యులు 1926లో చూపియుండిరి. కార్జములో ఏ పదార్థము ఆ పని చేయుచున్నదో తెలియదు. బొంబాయి బట్టల మిల్లులలోని గర్భిణీస్త్రీల రక్తక్షీణత ఈస్టుసారముచే కుదురుచున్నదని లూసీ విల్సు అను వైద్యురాలు 1931లో వెల్లడించెను. ఆకుకూరలలో నున్న ఒక జీవపదార్థమునకు 1941లో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టబడెను. ఈ త్రోవలన్నియు ఒకచోట కలియునని సుబ్బారావుగారు ఊహించిరి. టన్నులకొలది కార్జమును మరిగించి వడబోసిన పని అది. చివరకు 1945లో ఆయన బృందమువారు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసి ప్రకటించిరి. వెంటనే క్యూబా మొదలగు దేశములలో వైద్యులు దానిని రోగులకిచ్చి చూచిరి. రక్తక్షీణతతోబాటు మరియొక వ్యాధియు ఆ పసుపుపచ్చని చూర్ణమునకు లొంగెను. ఆ వ్యాధి పేరు స్ప్రూ. అన్నదమ్ముల నిద్దరిని పొట్టబెట్టుకొన్న రోగమునకు పాతికేండ్ల పిమ్మట మూడవవాడు మందు నందించినాడు. నేడు మన గ్రామములలో గర్భిణులకు ఆశా కార్యకర్తలు ఇచ్చు ఇనుపమాత్రలో ఈ ఫోలిక్ ఆమ్లమే కలిసియున్నది. ఆ మాత్ర మ్రింగు తల్లులలో నెందరికి భీమవరపు యల్లాప్రగడవారి పేరు తెలియును?

ఒక ప్రశ్న విప్పినచో దానివెంట పది ప్రశ్నలు వచ్చును. ఫోలిక్ ఆమ్లము కణముల వృద్ధికి అవసరమైనచో, దానికి నకిలీ పదార్థమును తయారుచేసి యిచ్చి, అదుపులేక పెరుగు కణములను ఆకలితో మాడ్చవచ్చును గదా? ఈ యూహతో లెడర్లీవారు అమినాప్టెరిను అను పదార్థమును తయారుచేసిరి. బోస్టను శిశువైద్యశాలలోని డాక్టరు సిడ్నీ ఫార్బరు 1947 చివరను దానిని రక్తపు క్యాన్సరుతో మరణోన్ముఖులైయున్న పిల్లలకిచ్చి చూచెను. అంతవరకు ఆ వ్యాధి సోకిన బిడ్డ కొలది వారములలో పోవుటయే కాని మరలుట లేదు. చికిత్స పొందిన పదునార్గురిలో పదిమంది కొంతకాలము తేరుకొనిరని 1948 జూనులో ఆయన ప్రకటించెను. ఆ మేలు నిలువలేదు, రోగము తిరుగబెట్టెను. కాని మందుతో పిల్లల రక్తపు క్యాన్సరును వెనుకకు త్రోయవచ్చునను సంగతి నాడే రుజువయ్యెను. దానికి సోదరుడగు మెథోట్రెక్సేటు నేటికిని పిల్లల రక్తపు క్యాన్సరునకును, కీళ్లవాతమునకును వాడుచున్నారు.

తీరాంధ్రమున ఏనుగుకాలు వ్యాధిని చూడనివారు లేరు. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులలో అమెరికా సైనికులకు ఆ క్రిమి సోకగా దాని సంగతి వారికి పట్టినది. 1947లో సుబ్బారావుగారి శాలనుండి వెలువడిన హెట్రజాను అనునదే డై ఈథైల్ కార్బమజైను. 2004 నుండి మన దేశమున ఏటేట ఇంటింట పంచిపెట్టిన బోదకాలు మాత్ర అదియే.

మరియొక చిన్న సంగతి ఆయన స్వభావమును చక్కగా తెలుపును. విస్కాన్సిను విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రాచార్యుడగు బెంజమిను డగ్గరు డెబ్బదియేండ్లు దాటి, నియమానుసారము పదవీవిరమణ చేసెను. ఆయనను లెడర్లీలోనికి తీసికొనిరి. దేశమంతటినుండి మట్టిని తెప్పించి శోధించుచు ఆ వృద్ధుడు మిస్సోరీ మట్టిలో బంగారువన్నె గల సూక్ష్మజీవి నొకదానిని పట్టెను. దానినుండి లభించిన ఆరియోమైసిను 1948లో వైద్యలోకమునకు అందినది. టెట్రాసైక్లిను కుటుంబమునకెల్ల అది పెద్దబిడ్డ. చోటు దొరకని బాధ యెరిగినవాడు నడపిన శాలలో, యువకులకును చోటు దొరికినది, వృద్ధునకును దొరికినది.

సుబ్బారావుగారిని దేవునిగా జేసి పూజింపవలెనని మేము చెప్పుట లేదు. స్వదేశమునకు ఆయన మరల రాలేదు. శేషగిరమ్మగారు ఇరువదియైదేండ్లు ఎదురుచూచిరి. స్థిరపదవి లేని భర్త ఈ యేడు కాకున్న మరుసటి యేడు వచ్చుననుకొనుటలోనే ఆమె యౌవనము గడచిపోయెను. పదవి దొరికిన పిమ్మట పని విడువలేదు. ప్రయోగశాలల కథలు వ్రాయువారు ఈ లెక్కను ఖర్చుపద్దులో వ్రాయరు.

1946లో అమెరికా శాసనసభ చట్టము మార్చి, భారతీయులు పౌరసత్వము పొందవచ్చునని తలుపు తెరచెను. ఆయన ఆ పౌరుడు కాకయే యుండిపోయెను. మరుసటి సంవత్సరము భారతదేశము స్వతంత్రమయ్యెను. 1948 ఆగస్టు 8వ తేదీ రాత్రి ఎప్పటివలె నిద్రించినవాడు మరునాడు లేవలేదు. గుండె ఆగినదని వైద్యులు నిర్ణయించిరి. వయస్సు ఏబదిమూడు. ఫార్బరు ప్రకటన వెలువడి అప్పటికి రెండు మాసములు. లెడర్లీలో ఆయనతో పనిచేసినవారి వలన 1953లో ఒక బూజుజాతికి సుబ్బరోమైసిస్ అను పేరు వచ్చినది. మన ప్రభుత్వము 1995లో, శతజయంతి సంవత్సరమున, తపాలబిళ్ల వేసినది. సొంత ప్రయోగశాలలో ఆయన పనిచేసిన కాలము మొత్తము ఎనిమిది సంవత్సరములు.